స్నానానికే ఓపికంతా అయిపోతే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అత్తగారికి రొమ్ము కేన్సర్, ఎముకలకి కూడా పాకిందని పోయినేడు చెప్పారు. విశాఖలో మొదలుపెట్టిన మందులు ఇప్పుడు ఇక్కడే నడుస్తున్నాయి. నొప్పి పర్లేదు గానీ ఈ నీరసంతోనే వేగలేకపోతున్నాం. పొద్దున్నే స్నానం చేయించి జడేసి కూర్చోబెడితే ఇంక అంతే, సాయంత్రం దాకా మంచం దిగరు. తినమంటే "నాకు ఓపిక్లేదే పిల్లా, నన్నొగ్గేయ్" అంటారు. పక్కింటి మౌసీ ఏమో నడిపించు లేకపోతే మంచాన పడిపోతుంది అంటుంది, మా ఆడపడుచేమో ఫోన్లో అమ్మని అస్సలు కదలనివ్వొద్దు అంటుంది, మా ఆయన సూరత్‌లో మిల్లు పని, ఆయన వారానికో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించమంటారు. ఎక్కించిన రోజు బాగుంటారు, మర్నాటికి మళ్ళీ మామూలే. రెండు నెలల కిందట హిమోగ్లోబిన్ 7.4 అన్నారు. నేను ఎవరి మాట వినాలి?
— ఒక కోడలు

జవాబు: ముందు ఒకటి చెప్తానమ్మా, ఇది మనకి పొలం పని చేసొస్తే వచ్చే అలసట లాంటిది కాదు. అదైతే ఓ రాత్రి పడుకుంటే పోతుంది. ఇది పడుకున్నా పోదు, ఒక్కోసారి ఎక్కువ పడుకుంటే ఇంకా పెరుగుతుంది. జబ్బే ఒంట్లో ఒక రకమైన మంట పెట్టి కండని కరిగించేస్తూ ఉంటుంది, దానికి తోడు మందులు. అందుకని ఆవిడ బద్ధకిస్తున్నారనీ, మీరు సరిగా పెట్టట్లేదనీ ఎవరన్నా అంటే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేయండి.

ఇప్పుడు ఆ 7.4 సంగతి. రెండు నెలల కిందటి లెక్క పట్టుకుని కూర్చోకండి, ఈ వారంలోనే మళ్ళీ రక్తం తీయించండి, దీనికోసం శ్రీకాకుళం మీదుగా విశాఖ దాకా బస్సులో కుదిపేయక్కర్లేదు, మీ ఊళ్ళో జిల్లా ఆస్పత్రిలోనే చేస్తారు. 7, 8 కంటే కిందకి పడిపోయి నాలుగడుగులకే ఆయాసం వస్తుంటే రక్తం ఎక్కించడం గురించి డాక్టర్లు ఆలోచిస్తారు, ఎక్కిస్తే కొన్నాళ్ళు తేలిగ్గా ఉంటుంది, శాశ్వతం కాదు. తోటకూర, బెల్లం, ఐరన్ మాత్రలు మంచివే కానీ కేన్సర్ వల్ల తగ్గే రక్తం చాలాసార్లు వాటికి లొంగదు. అదే సూది మీద థైరాయిడ్, సోడియం, కాల్షియం, కిడ్నీ పరీక్షలు కూడా అడగండి. ఎముకలకి పాకిన వాళ్ళలో రక్తంలో కాల్షియం పెరిగిపోయి విపరీతంగా నిద్ర, దాహం, మలబద్ధకం, తికమక రావచ్చు, దానికి మంచి మందుంది, కనిపెట్టకపోతేనే నష్టం. రాత్రి నిద్ర పడుతోందా, లోపల దిగులు పడిపోతున్నారా ఇవి కూడా డాక్టర్‌కి చెప్పండి. మనవాళ్ళు నొప్పి చెప్తారు గానీ నీరసం చెప్పరు, అది జబ్బుతో పాటు ఉండేదేలే అనుకుంటారు. సున్నా నుంచి పది దాకా ఎంతుంది అని ఆవిణ్ణే అడిగి ఆ అంకె చీటీ మీద రాసి తీసుకెళ్ళండి, 7 దాటిందంటే డాక్టర్ కూడా ఆగి వింటాడు.

గ్లూకోజ్ బాటిల్ మీద నాకు కొంచెం కోపం ఉంది. మామూలుగా ఎక్కించేది అరలీటరు 5 శాతం గ్లూకోజ్, అంటే పాతిక గ్రాములు, వంద కేలరీలు కూడా దాటవు. పెద్ద గ్లాసుడు చోడి (రాగి) అంబలిలో మజ్జిగ కలిపి ఇస్తే అంతకి తగ్గదు, సూది పోటు కూడా ఉండదు. వాంతులు విరేచనాలై నీరు పోయినప్పుడు సెలైన్ అవసరమే, ఊరికే బలానికైతే కాదు. మరి ఎక్కించిన రోజు బాగుంటున్నారు కదా అంటారా, ఆ బాటిల్ అయ్యేదాకా రెండు గంటలు మీరు పని మానేసి ఆవిడ పక్కన కూర్చుంటున్నారు చూడండి, సగం గుణం అందులోనే ఉందేమో అని నా అనుమానం.

మౌసీ మాటా ఆడపడుచు మాటా రెండూ సగం సగం నిజం. అసలు కదలకపోతే ఉన్న కండ కూడా పోతుంది, అలా అని బలవంతంగా వీధి చివరి దాకా నడిపిస్తే రెండ్రోజులు లేవలేరు. మంచం నుంచి అరుగు దాకా ఒకసారి, కుర్చీలోంచి లేచి కూర్చోవడం ఓ నాలుగైదు సార్లు, ఆయాసం వస్తే ఆపేయడం, అంతే. ఎముకలకి పాకింది కాబట్టి ఏ బరువు మొయ్యొచ్చో, ఎంత వంగొచ్చో డాక్టర్‌ని అడిగాకే మొదలెట్టండి. జ్వరం ఉన్న రోజు వద్దు.

ఇక అసలు విషయం స్నానం. ఆవిడ రోజు మొత్తం ఓపిక ఆ ఒక్క స్నానానికీ జడకీ ఖర్చైపోతోందమ్మా. చేతిలో వంద రూపాయలుంటే పొద్దున్నే తొంభై పెట్టేస్తున్నట్టు. దేనికి ఖర్చు పెట్టాలో ఆవిణ్ణే అడగండి. నేను చూసిన ఒకావిడ ఇలాగే అడిగితే, "నాలుక్కి మనవడు బడి నించి వస్తాడు, వాడితో మాటాడాల" అంది, అంతే, స్నానం రోజు విడిచి రోజు చేశారు, మధ్య రోజు తడిగుడ్డతో తుడవడం, చేసే రోజు కూడా ప్లాస్టిక్ స్టూల్ మీద కూర్చోబెట్టి, తుడుచుకునే ఓపిక కూడా పోకుండా పాత నూలు చీర చుట్టేసి వదిలేసేవారు. మధ్యాహ్నం మూడు లోపు అరగంట కునుకు, అంతకంటే ఎక్కువైతే రాత్రి కళ్ళు తెరుచుకునే ఉంటారు. నాలుక్కి అరుగు మీదకి వచ్చేది. జుట్టు మాత్రం కత్తిరించుకోనంది, సరే అన్నారు.

ఒకటి బాగా గుర్తుపెట్టుకోండి. ఒళ్ళంతా నీరసం వేరు, కాళ్ళు రెండే పట్టు తప్పడం వేరు. కొత్తగా నడుం నొప్పి వచ్చి కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోయినా, ఒంటేలు ఆగిపోయినా, వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుండొచ్చు, రేపు చూద్దాం అనకుండా ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. కీమో నడుస్తుండగా జ్వరం 100.4 దాటినా అంతే.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, గుణుపూర్. ఊపిరితిత్తుల కేన్సర్. మార్ఫిన్ మాత్రలిచ్చాక మత్తుగా ఉందని, పైగా అది ఆఖరి మందు అని బంధువులు అంటే నాలుగో రోజు మానేశాను. నొప్పి మళ్ళీ వచ్చింది, నీరసం ఇంకా పెరిగింది. స్టెరాయిడ్ వేసుకుంటే బలం వస్తుందట కదా?

జవాబు: మాస్టారూ, తొందరపడ్డారు. మార్ఫిన్ మత్తు చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది, మీరు సరిగ్గా అప్పుడే ఆపేశారు. నొప్పితో రాత్రంతా మేలుకుంటే ఎవరికైనా నీరసం రాదా? ఆఖరి మందు కాదు, నొప్పి మందు, నొప్పి ఎప్పుడుంటే అప్పుడు వాడతారు. మీ అంతట మీరు మళ్ళీ మొదలెట్టకుండా రాసిన డాక్టర్‌తో మాట్లాడండి, అలర్జీ మాత్రలు, నిద్ర మాత్రలు ఇంకేమన్నా వేసుకుంటుంటే ఆ చీటీలన్నీ చూపించండి, మత్తు వాటిది కూడా కావచ్చు. మార్ఫిన్‌తో వచ్చే మలబద్ధకం మాత్రం తగ్గదు, దానికి రోజూ మందు వేసుకోవాల్సిందే. స్టెరాయిడ్ గురించి మీరు విన్నది తప్పు కాదు, డెక్సామెథసోన్ రెండు వారాల పాటు ఇస్తే కొందరికి ఓపికా ఆకలీ మెరుగవుతాయి, కానీ ఎక్కువ కాలం వాడితే షుగర్ పెరుగుతుంది, తొడల కండ పోయి లేవడమే కష్టమవుతుంది. మెడికల్ షాపులో అడిగి కొనుక్కునే మందు కాదది. ఓ పెళ్ళికో, ఊరెళ్ళడానికో బలం కావాలంటే డాక్టర్‌కి ఆ తేదీ చెప్పండి.

ప్రశ్న: నాన్నగారు వారం నుంచి రోజంతా నిద్రలోనే ఉంటున్నారు. ఇంక చేసే వైద్యం లేదన్నారు. లేపి తినిపించాలా? — రాయగడ నుంచి

జవాబు: లేపొద్దు బాబూ. తినకపోవడం వల్ల ఆయన ఇలా అవట్లేదు, ఒళ్ళు ఆఖరి ప్రయాణానికి సర్దుకుంటోంది కాబట్టి తినట్లేదు. నిద్రలో నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కళ్ళు తెరిచి అడిగితే చెంచాడు గంజి చాలు, లేకపోతే పెదాలు తడి గుడ్డతో అద్దుతూ ఉండండి, రెండు మూడు గంటలకోసారి పక్కకి తిప్పండి. ఈ దశలో ఆ నిద్రతో పోట్లాడాల్సిన పని లేదు. కానీ మాటలు వినపడుతూ ఉండొచ్చు, మంచం దగ్గర పొలం పంపకాలు మాట్లాడకండి. మీ అన్నయ్య భువనేశ్వర్ నుంచి ఆదివారం వస్తానన్నాడని రాశారు, ఆదివారం దాకా ఆగకుండా ఇవాళ రాత్రికే బయల్దేరమనండి.