మార్ఫిన్ బిళ్ళలు బ్యాగులో పెట్టుకుని రోగి ఇంటికి వెళ్తే కేసవుతుందా?

ప్రశ్న: లాయరు గారూ, నేను స్టాఫ్ నర్సుని. పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో బాధ తగ్గించే సేవ) సంస్థలో పనిచేస్తూ, మంచం దిగలేని క్యాన్సర్ రోగుల ఇళ్ళకు రోజూ స్కూటీ మీద వెళ్తుంటాను. బ్యాగులో తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్ బిళ్ళలు, నిద్రమత్తు కలిగించే మిడజోలమ్ ఇంజెక్షన్లు ఉంటాయి. ఈ మధ్య వాహనాల తనిఖీలో ఒక ఎస్ఐ గారు బ్యాగు తెరిచి, ఇవి నీ దగ్గర ఎందుకున్నాయని గంటసేపు నిలబెట్టారు. అప్పటి నుంచి చాలా టెన్షన్‌గా ఉంది. మా సంస్థలో ఏమో, అర్ధరాత్రి ఎవరికైనా నొప్పి ఎక్కువైతే పనికొస్తాయి, రెండు స్ట్రిప్పులు అదనంగా నీ దగ్గరే ఉంచుకో అంటున్నారు. రోగి చనిపోయాక ఇంట్లోవాళ్ళు మిగిలిన బిళ్ళలు నా చేతిలో పెట్టి, ఇంకో పేదవాళ్ళకు ఇవ్వమ్మా అంటారు. వీటిలో ఏది తప్పు, ఏది కాదు?

జవాబు: ముందు ధైర్యంగా ఉండండి. మీరు చేసే పని చట్టవిరుద్ధం కాదు. మత్తుమందుల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 8వ సెక్షన్ మత్తుమందులు దగ్గర ఉంచుకోవడాన్ని నిషేధిస్తూనే, వైద్య అవసరాలకు రూల్స్ ప్రకారం ఉంచుకోవడాన్ని మినహాయించింది. మిమ్మల్ని కాపాడేది ఆ మినహాయింపే. కానీ అందులో 'రూల్స్ ప్రకారం' అన్న రెండు మాటలున్నాయి. మీ మూడు సందేహాలకూ జవాబు ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఒకప్పుడు ఈ రూల్స్ రాష్ట్రానికొక తీరుగా ఉండేవి. రకరకాల లైసెన్సులు తెచ్చుకోలేక చాలా ఆసుపత్రులు మార్ఫిన్ జోలికే పోలేదు. మార్ఫిన్ తీసే నల్లమందును మందుల కోసం పండించే దేశంలోనే మన రోగులు నొప్పితో అరుస్తూ పోయారు. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మరుసటి ఏడాది కేంద్రం మార్ఫిన్, ఫెంటానిల్, మెథడోన్, కోడీన్, ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్ అనే ఆరు మందులను 'అత్యావశ్యక మత్తుమందులు'గా ప్రకటించి, దేశమంతటికీ ఒకే రూల్స్ తెచ్చింది. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు ఉన్న వైద్య సంస్థ వీటిని నిల్వ చేసుకుని రోగులకు ఇవ్వవచ్చు. కాబట్టి మీ సంస్థకు ఆ గుర్తింపు ఉందో లేదో రేపే అడగండి. కాపీ చూపించమని అడగడానికి మొహమాటపడకండి. అది లేకపోతే మీ బ్యాగులోని మార్ఫిన్‌కు ఏ ఆధారమూ ఉండదు.

ఇక అదనపు స్ట్రిప్పుల సంగతి. నన్ను బాగా కలవరపెట్టింది ఇదే. ఆ రూల్స్ ప్రకారం, తన వాడకానికి చట్టబద్ధంగా ఇచ్చిన మందును రోగి దగ్గర ఉంచుకోవచ్చు. రిజిస్టర్డ్ డాక్టరు తన ప్రాక్టీసు కోసం కొద్ది మోతాదు ఉంచుకోవచ్చు, మార్ఫిన్ అయితే 500 మిల్లీగ్రాముల వరకు. అదీ తన రోగికి స్వయంగా వాడటానికే, అమ్మడానికో పంచడానికో కాదు. డాక్టరుకు ఇచ్చిన ఈ వెసులుబాటు నర్సుకు లేదు. మీరు మందు మోస్తున్నది మీ సొంత హక్కుతో కాదు, ఫలానా రోగికి ఫలానా డాక్టరు రాసిన మందును సంస్థ తరఫున చేరవేస్తున్నారు, అంతే. రోగి పేరు లేని స్ట్రిప్ మీ బ్యాగులోకి వచ్చిందంటే ఆ బంధం తెగిపోయినట్టే. అప్పుడది మీ దగ్గర దొరికిన మత్తుమందు అవుతుంది.

అలా దొరికితే ఏమవుతుందో కూడా చెప్పాలి, భయపెట్టడానికి కాదు. మార్ఫిన్‌కు 'చిన్న పరిమాణం' అంటే 5 గ్రాముల లోపు. నేరం రుజువైతే ఏడాది వరకు కఠిన జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది దాటితే పదేళ్ళ వరకు. 5 గ్రాములంటే చాలా ఎక్కువ కదా అనిపిస్తుంది. కానీ లెక్కలోకి వచ్చేది బిళ్ళలోని మార్ఫిన్ ఒక్కటే కాదు, మొత్తం బిళ్ళ బరువు. 2020లో హీరా సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ లెక్కనే సమర్థించింది. పది మిల్లీగ్రాముల మార్ఫిన్ ఉన్న బిళ్ళ మొత్తం బరువు 100 మిల్లీగ్రాములు అనుకుందాం. యాభై బిళ్ళల్లో అసలు మందు అర గ్రామే, కానీ చట్టం దాన్ని 5 గ్రాములుగా చూస్తుంది. దానికి తోడు 35వ సెక్షన్ కింద మీ మనసులో నేరభావం ఉందనే కోర్టు మొదట అనుకుంటుంది. లేదని రుజువు చేసుకోవాల్సింది మీరే, అదీ సందేహానికి తావు లేకుండా. మామూలు క్రిమినల్ కేసులో ముద్దాయి మీద ఇంత భారం ఉండదు. అందుకే నోటిమాటగా 'మా సార్ ఉంచుకోమన్నారు' అంటే సరిపోదు.

అర్ధరాత్రి నొప్పి సమస్య నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయడం లేదు. దానికి దారి వేరే ఉంది. తెరలు తెరలుగా వచ్చే నొప్పికి ఎంత మోతాదు, ఎన్ని గంటలకొకసారి అనేది డాక్టరు ముందుగానే చీటీలో రాయాలి. ఆ బిళ్ళలు రోగి పేరునే, రోగి ఇంట్లోనే ఉండాలి. అప్పుడు అర్ధరాత్రి మీరు బ్యాగు మోసుకుని పరుగెత్తనక్కరలేదు. ఎలా వేయాలో ఇంటివాళ్ళకు ఫోన్లో చెప్పినా సరిపోతుంది. అయితే డాక్టరు ఫోన్లోనే కొత్తగా మార్ఫిన్ రాయడం కుదరదు. 2020 టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఎన్‌డీపీఎస్ పరిధిలోని మందులను ఫోన్ లేదా వీడియో సంప్రదింపులో రాయకూడని జాబితాలో పెట్టాయి. కాబట్టి ఆయన రోగిని నేరుగా చూసిన రోజే ముందుచూపుతో రాసిపెట్టాలి. ఈ మాట మీ డాక్టరుగారికి నా మాటగానే చెప్పండి.

మిడజోలమ్ అదే చట్టంలో సైకోట్రోపిక్ (మనసుపై ప్రభావం చూపే మందుల) జాబితాలో ఉంది. ఆ జాబితాలోని మందును డాక్టరు చీటీ మీద రోగి తన సొంత వాడకానికి మామూలుగా ఒకసారికి 100 డోసుల వరకు ఉంచుకోవచ్చు. మీ వరకు వస్తే జాగ్రత్త ఒకటే: రోగి పేరు, చీటీ, లెక్క. ఆంప్యూల్‌లో సగమే వాడితే మిగిలిన సగం ఏమైందో కూడా రాయండి, పక్కనున్నవాళ్ళతో సంతకం చేయించండి.

రిజిస్టరు నింపడం ఒట్టి గుమాస్తా పని అనుకోవద్దు. లైసెన్సు లేదా అనుమతి ఉన్నవారు గానీ, వారి తరఫున పనిచేసే ఉద్యోగి గానీ సరైన కారణం లేకుండా లెక్కలు రాయకపోతే 26వ సెక్షన్ కింద మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. ఉద్యోగి అన్న మాట గమనించండి. అందులో మీరూ వస్తారు. పొద్దున సంస్థ నుంచి ఎన్ని తీసుకున్నారు, ఎవరికి ఎన్ని ఇచ్చారు, సాయంత్రం ఎన్ని తిరిగి అప్పగించారు అనేది ఆ రోజుకారోజే రాసి సంతకం పెట్టండి. మందు రాత్రి మీ ఇంట్లో ఉండకూడదు.

బ్యాగులో గుర్తింపు కార్డు, సంస్థ గుర్తింపు కాపీ, మీరు ఇంటి సేవల నర్సు అని తెలిపే లేఖ, ఆ రోజు చూడాల్సిన రోగుల చీటీల కాపీలు పెట్టుకోండి. మందు కంపెనీ ప్యాకింగ్‌లోనే, రోగి పేరు అంటించి ఉండాలి. చిన్న డబ్బాలో విడి బిళ్ళలు పోసుకుని వెళ్ళకండి. మళ్ళీ ఎవరైనా ఆపితే వాదించకుండా కాగితాలు చూపించి, డాక్టరుకు ఫోను కలిపి ఇవ్వండి. మందు స్వాధీనం చేసుకుంటామంటే ఎన్ని బిళ్ళలో లెక్క రాసిన పంచనామా అడగండి. ఖాళీ కాగితం మీద మాత్రం ఎవరు చెప్పినా సంతకం పెట్టవద్దు.

చివరిది, మిగిలిన బిళ్ళలు. ఆ కుటుంబం ఎంత మంచి మనసుతో ఇచ్చినా, ఒకరి మార్ఫిన్ మీరు తీసుకెళ్ళి మరొకరికి ఇవ్వకూడదు. అది రోగి పేరు లేని మందును మోయడం, పైగా లైసెన్సు లేకుండా పంచడం. వాళ్ళ ముందే లెక్కపెట్టి రాసి, డాక్టరుకు చెప్పండి. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ, వాడని మందుల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో మార్ఫిన్, ఫెంటానిల్ సహా 17 మందులను చెత్తలో వేయకుండా టాయిలెట్‌లో ఫ్లష్ చేయమని చెప్పింది. ఇంటివాళ్ళ చేతే ఆ పని చేయించి, సాక్షిగా ఒకరి సంతకం తీసుకోండి. చర్మానికి అంటించి వాడేసిన ఫెంటానిల్ ప్యాచ్‌లో కూడా మందు మిగిలే ఉంటుంది. పిల్లల చేతికి చిక్కితే ప్రాణాపాయం. జిగురు వైపు లోపలికి మడిచి, దాన్నీ ఫ్లష్ చేయించండి.

సంస్థవాళ్ళు అదనపు స్ట్రిప్పుల కోసం మళ్ళీ ఒత్తిడి చేస్తే, ఏ రోగి పేరున, ఏ డాక్టరు చీటీ మీద ఇస్తున్నారో రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే వాటిని తీసుకోకండి.