నర్సు ఉద్యోగం వదిలి లా చదువుతానంటోంది, ఆపాలా?

ప్రశ్న: మేం కెనడాలోని రెజైనాలో ఉంటాం. మా అమ్మాయి నర్సింగ్ చదివి మూడేళ్లుగా హాస్పిటల్లో పనిచేస్తోంది. ఇప్పుడు లా చదివి ఆదివాసీల ఆరోగ్య హక్కుల మీద పనిచేస్తానంటోంది. ఇన్నేళ్ల చదువూ వృథా అవుతుందేమోనని ఒకటే టెన్షన్. ఏం చెప్పమంటారు?

ఆపకండమ్మా. చదువు వృథా అన్న భయం మీదైతే, ఇవోన్ బోయర్ గారి గురించి ఒకసారి చదవండి. ఆవిడ మేటీ మహిళ, అంటే ఆదివాసీ, యూరోపియన్ మూలాలు కలిసిన ఆదివాసీ సమూహానికి చెందినవారు. మొదట నర్సు. తర్వాత మీ ప్రావిన్సులోనే ఉన్న సస్కాచెవాన్ యూనివర్సిటీలో లా చదివారు, ఒటావాలో న్యాయశాస్త్రంలోనే డాక్టరేట్ చేశారు, 2018లో సెనేటర్, అంటే కెనడా పార్లమెంటు ఎగువ సభ సభ్యురాలు అయ్యారు.

సస్కటూన్‌లో కాన్పుకి వచ్చిన ఆదివాసీ స్త్రీలకు ఒత్తిడి చేసి, ఇక పిల్లలు పుట్టకుండా ట్యూబులు కట్టేశారని ఫిర్యాదులు వస్తే, విచారణ జరిపి 2017లో రిపోర్టు ఇచ్చింది బోయర్ గారూ, డాక్టర్ జుడిత్ బార్ట్‌లెట్ గారూ. నొప్పులు పడుతున్న మనిషి చేతికి సమ్మతి పత్రం ఇచ్చి సంతకం పెట్టమంటే ఆ సంతకానికి విలువెంత? కాగితం వరకూ చూస్తే అంతా సక్రమంగానే కనిపిస్తుంది, కానీ ఆ మంచం పక్కన నిలబడి డ్యూటీ చేసినవాళ్లకు ఆ సంతకం ఎలా పడిందో తెలుస్తుంది, దాన్ని కోర్టు భాషలోకి తేవడానికి లా కావాలి. ఆవిడకు రెండూ ఉన్నాయి. బలవంతపు ఆపరేషన్లను క్రిమినల్ కోడ్‌లో స్పష్టంగా నేరమని రాయించాలని 2022లో బిల్లు పెట్టారు, 2024లో సెనేట్ ఒప్పుకుంది, పార్లమెంటు సమావేశాల విడత ముగిసి అది ఆగిపోతే 2025లో మళ్లీ పెట్టారు. మీ అమ్మాయి మూడేళ్ల వార్డు అనుభవం ఎక్కడికీ పోదు.

ఒక్క మాట మాత్రం మీ అమ్మాయితో గట్టిగా చెప్పాలి. బోయర్ గారు ఆ సమాజం మనిషి, మనం కాదు. అక్కడికి ఉద్ధరించడానికి వెళ్తున్నాననుకుంటే మొదటి నెలలోనే ఎదురుదెబ్బ తగులుతుంది. 1982 రాజ్యాంగ చట్టంలోని 35వ సెక్షన్ ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ అనే మూడు ఆదివాసీ సమూహాల హక్కుల్ని గుర్తిస్తుంది, దాన్నీ, ప్రభుత్వం వాళ్లతో చేసుకున్న ఒప్పందాల చరిత్రనీ ముందు చదవమనండి, వాళ్ల పెద్దలు మాట్లాడే సభలకు వెళ్లి మౌనంగా కూర్చుని వినమనండి.

ఇంకోటి, నైట్ డ్యూటీలు భరించలేక లా అంటోందా? నిదానంగా అడగండి, కోప్పడకుండా. అదే కారణమైతే వేరే వార్డుకో, కమ్యూనిటీ హెల్త్‌కో మారితే సరిపోవచ్చు, దానికి లా డిగ్రీ అక్కర్లేదు.

నిజంగానే లా మీద మనసుంటే, చాలా లా స్కూళ్లు ఎల్‌శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు అడుగుతాయి, జేడీ అనే లా డిగ్రీ మూడేళ్లు, ఆ తర్వాత ఆర్టిక్లింగ్ (సీనియర్ లాయర్ దగ్గర శిక్షణ), లాయర్ లైసెన్సుకు కావలసిన కోర్సు. అంటే సొంతంగా ప్రాక్టీసు మొదలయ్యేసరికి నాలుగైదేళ్లు. కాబట్టి ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా వద్దు. సీటు వచ్చాక కూడా నర్సింగ్ లైసెన్సు వదులుకోవద్దు, సెలవుల్లో క్యాజువల్ షిఫ్టులు చేసుకుంటే ఫీజు అప్పు కొంత తగ్గుతుంది. ఈ నెలలో ఒక పని చేయమనండి: టైమ్ పెట్టుకుని ఒక పాత ఎల్‌శాట్ పేపర్ రాయమనండి, హెల్త్ కేసులు చూసే ఒక లాయర్‌ని కలిసి అరగంట మాట్లాడమనండి. ఆ రెండూ అయ్యాక నాకు మళ్లీ రాయండి, ఖర్చు లెక్కలు అప్పుడు కూర్చుని వేద్దాం.