బాలి యోగా రిట్రీట్‌లో బాగా చెమట పడితే ఒంట్లో విషాలు పోతాయా?

పోవు, చెమట పట్టేది ఒళ్లు చల్లబడటానికే. బాలికో అండమాన్‌కో యోగా రిట్రీట్‌కి వెళ్దామనుకునే మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లలో చాలామందికి ఈ సందేహం ఉంది.

చెమటలో దాదాపు 99 శాతం నీరే, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం ఉప్పు. యూరియా లాంటివి కాస్త ఉన్నా అది లెక్కలోకి రాదు. హానికర పదార్థాలను విడగొట్టేది కాలేయం, వ్యర్థాలను వడగట్టి మూత్రంలో పంపేది కిడ్నీలు. దీవుల్లో అంత చెమట కారడానికి పెద్ద కారణం గాలిలో తేమ. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. తేమ గాలిలో అది త్వరగా ఆరదు, అందుకని ఒళ్లు ఇంకా ఇంకా చెమట పోస్తూనే ఉంటుంది. మే నెలలో కళింగపట్నం తీరాన ఉక్కపోత కూడా ఇదే.

కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్నే చూడండి. కొబ్బరి, జీడి తోటల్లో రోజంతా చెమటోడ్చినవాళ్లకు కూడా కిడ్నీలు పూర్తిగా పాడైతే డయాలసిస్ తప్పడం లేదు. కిడ్నీల పని చెమటే చేయగలిగితే వాళ్లకు అంత యాతన ఉండేది కాదు.

క్లాసు అయ్యాక కిలో తగ్గితే కొవ్వు కరిగిందనుకుంటారు. పోయింది నీరు, తాగితే తిరిగొస్తుంది. ఆ బరువు నిలుపుకుందామని దాహాన్ని ఆపుకుంటే వడదెబ్బ ముప్పు, కిడ్నీలకూ చేటు. ఇప్పటికే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం కొబ్బరినీళ్లు డాక్టర్ని అడక్కుండా తాగొద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ.