ముక్కులోంచి మెదడు ఆపరేషన్ నిజమేనా?

తల కొయ్యకుండా ముక్కులోంచి గడ్డ తీస్తారా అని అడిగారు కదా, తీస్తారు, కానీ అన్ని గడ్డలూ కాదు, ఎక్కువగా మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలో వచ్చే గడ్డలే. ఆ గ్రంథి శనగగింజంత ఉంటుంది, ముక్కు వెనకాల ఎముకలో గాలి గది ఒకటుంది, సరిగ్గా ఆ గదికి పైనే ఈ గ్రంథి ఉంటుంది. సుమారు 4 మిల్లీమీటర్ల లావు ఎండోస్కోప్ (కెమెరా ఉన్న సన్న గొట్టం) ముక్కులో దూర్చి, ఆ గది గోడకి కంత చేసి గడ్డని కొంచెం కొంచెంగా గీకి తీస్తారు.

మా పెద్దనాయనకి కర్నూల్లో కొండారెడ్డి బురుజు కాడ రోడ్డు దాటుతుంటే పక్కనుంచొచ్చే ఆటో కనపడేది కాదు, అద్దాలు మార్చినా లాభం లేకపాయె, గడ్డ పెరిగి కంటి నరాల్ని ఒత్తితే అట్లే అవుతుందంట. ఆపరేషనయ్యాక కొన్ని వారాలు ముక్కు గట్టిగా చీదగూడదు, నీళ్లలాగా కారుతుంటే జలుబేలే అనుకోవద్దండి, మెదడు చుట్టూ ఉండే నీరు కావచ్చు, వెంటనే డాక్టర్‌కి చూపించాల.