పశ్చిమాన్ని గెలిచింది వించెస్టర్ 1873 రైఫిలేనా?

ప్రశ్న ఇది: “అమెరికా చరిత్రలో వించెస్టర్ 1873 రైఫిల్‌ని ‘పశ్చిమాన్ని గెలిచిన తుపాకీ’ అంటారెందుకు? ఆ పేరు దానికి తగినదేనా?”

చరిత్ర ఉంది, బిరుదు మాత్రం నప్పదు. అది కంపెనీ తన సరుకు అమ్ముకోడానికి 1919 ప్రాంతంలో తగిలించుకున్న ప్రకటన. అప్పటికి పశ్చిమాన, అంటే అమెరికా పడమటి నేలల్లో, గెలవడానికి ఏమీ మిగల్లేదు. వలస స్థావరాలకి ఇదీ అంచు అని గీత గీసి చూపించే వీలు ఇక లేదని 1890 జనాభా లెక్కలతోనే తేలిపోయింది. ఈ తుపాకీ అంటే నాకు ప్రాణం. అందుకే ఆ బిరుదు మీద ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

నేను ఉటాలో ఉంటాను. మా పక్కింటి పెద్దాయన పశువుల రాంచ్ మీద పెరిగిన మనిషి. వాళ్ళ తాత నుంచి వచ్చిన 1873 ఒకటి ఆయన దగ్గరుంది. గోడకి తగిలించి చూసుకునే రకం కాదు, వీలైనప్పుడల్లా దాన్ని పేలుస్తాడు. ఒక అక్టోబరు శనివారం నన్నూ ఎడారి వైపు వెంటబెట్టుకెళ్ళాడు.

చేతికిచ్చాక ముందుగా తెలిసింది బరువు. ఎనిమిది పలకల గొట్టం, మొత్తం 4 కిలోల పైచిలుకు ఉంటుంది. కుడిపక్క చిన్న తలుపు ఒకటుంటుంది, తూటాని అందులోంచి బొటనవేలితో లోపలికి తోయాలి. ఆ స్ప్రింగు మహా మొండిది, కాసిని తూటాలు ఎక్కించేసరికి గోరు కింద మంట పుట్టింది. అయినా ఆ తలుపు ఎంత పెద్ద వరమో అంతకుముందు తుపాకీల గురించి తెలిస్తేనే అర్థమవుతుంది. 1860లో పేటెంట్ పొందిన హెన్రీ రైఫిల్‌ని గొట్టం ముందువైపు నుంచి నింపాలి. పట్టుకోడానికి గొట్టం కింద చెక్క కూడా లేదు, వరసగా కాలిస్తే చెయ్యి చుర్రుమనేది. 1866 మోడల్‌లో ఆ రెండూ సరిచేశారు. 1873కి వచ్చేసరికి ఇత్తడి రంగు ఒళ్ళు పోయి ఇనుము వచ్చింది, తూటా బలపడింది.

“లీవర్ సగంలో ఆపకు, చివరిదాకా తోసెయ్” అన్నాడు పెద్దాయన. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప మీటే లీవర్. తోశాను. లోపలి బోల్టు వెనక్కొచ్చి హ్యామర్‌ని, అంటే తూటాని పేల్చే సుత్తిని, వెనక్కి పడుకోబెట్టింది, కింద నుంచి ఇత్తడి దిమ్మ కొత్త తూటాని ఎత్తుకుని నిట్టనిలువునా పైకొచ్చింది. లీవర్ వెనక్కి లాగితే తూటా గొట్టంలోకి వెళ్ళి కూర్చుంది. భుజం మీద నుంచి తుపాకీ దించకుండానే ఇంకో దెబ్బకి సిద్ధం. ఖాళీ తొడుగు టోపీ పైనుంచి ఎగిరి వెనకాల పడుతుంది. అంత మెత్తగా కదిలే యంత్రాన్ని నేను ఇంకోటి ముట్టుకోలేదు, అదీ నూట ముప్ఫై ఏళ్ళు దాటినది!

తూటాల్లో ఆయన తానే స్వయంగా పాతకాలపు నల్ల తుపాకీమందు నింపుకుంటాడు. కాసేపటికే ఎదురుగా ఏమీ కనపడలేదు, తెల్లటి పొగ. దీపావళి రాత్రి మా ఊరి వీధి వాసన. మన కౌబాయ్ సినిమాలు తీసినవాళ్ళ మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇదే. హీరో గుక్క తిప్పుకోకుండా కాలుస్తూనే ఉంటాడు, పొగ ఉండదు, మళ్ళీ తూటాలు నింపడం అసలుండదు. పొగరాని మందుతో వించెస్టర్ వేట తూటాలు వచ్చింది 1895లో. అంతకుముందు ఎవడు ఎక్కణ్ణుంచి కాల్చాడో ఆ పొగే పట్టిచ్చేది. కాల్చిన సాయంత్రమే వేణ్ణీళ్ళతో గొట్టం కడగాలి, లేకపోతే ఆ మసి చెమ్మ పీల్చుకుని తుప్పు పట్టిస్తుంది. ఇవన్నీ తీసేసి చూపిస్తే ఆ కాలం మనిషి బతుకు ఏం తెలుస్తుంది?

అప్పుడు పెద్దాయన నా రెండు అరచేతుల్లో రెండు తూటాలు పెట్టాడు. ఒకటి ఈ రైఫిల్ తూటా, మందు 40 గ్రెయిన్లు, సీసం 200 గ్రెయిన్లు, అంటే 13 గ్రాములు. రెండోది అదే 1873లో అమెరికా సైన్యం ఎంచుకున్న స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌ది, మందు 70, సీసం 405. బరువు రెట్టింపు. వించెస్టర్ లోపలి లంకెలు మోకాలిలా మడుచుకునేవి, సన్నవి. ఆ పెద్ద తూటా పొడుగునీ తన్నునీ అవి తట్టుకోలేవు. ప్రశ్నకి జవాబు నాకు ఆ అరచేతుల్లోనే దొరికింది.

ఎందుకంటే, అక్కడి మూలవాసులతో యుద్ధాలు చేసి ఆ నేలని లాక్కున్నది సైన్యం. సైన్యం చేతిలో ఉన్నది ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే స్ప్రింగ్‌ఫీల్డ్. 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ నది దగ్గర జరిగిన యుద్ధంలో సైన్యాధికారి కస్టర్ దళం పట్టుకున్నవి అవే. లీవర్ రైఫిళ్ళు ఉన్నది అవతలి పక్షంలో, మూలవాసుల చేతుల్లో! 1983లో అక్కడ గడ్డి తగలబడి నేల బయటపడితే, మరుసటి ఏడు పురావస్తు శాస్త్రజ్ఞులు మెటల్ డిటెక్టర్లతో గాలించారు. తొడుగుల మీద ఫైరింగ్ పిన్ను (తూటా అడుగున కొట్టి పేల్చే సూది) గుర్తుల్ని బట్టి ఏ తుపాకీ ఏ చోటు నుంచి ఏ చోటుకి కదిలిందో పట్టుకున్నారు. లకోటా, షైయెన్ అనే మూలవాసీ జాతుల యోధులు నిలబడ్డ చోట్ల హెన్రీ, వించెస్టర్ తూటాల తొడుగులు దొరికాయి. వాళ్ళలో చాలామందికి విల్లంబులూ పాత తుపాకులే దిక్కయినా, ఆ రోజు గెలిచింది వాళ్ళే. 1881 జులైలో ఫోర్ట్ బ్యూఫర్డ్‌లో లొంగిపోయినప్పుడు లకోటా నాయకుడు సిట్టింగ్ బుల్ తన చిన్న కొడుకు చేత సైన్యానికి ఇప్పించిన తుపాకీ కూడా వించెస్టరే. ఆ నేల పోగొట్టుకున్నవాళ్ళ చేతిలో ఉన్న ఆయుధానికి, నేలని గెలిచిందని పేరు పెట్టడం న్యాయమా?

పోనీ వాళ్ళ తిండినీ బట్టనీ నాశనం చేసిన అడవిదున్నల వేట సంగతి చూసినా, దూరం నుంచి మందల్ని పడగొట్టిన వృత్తి వేటగాళ్ళు ఎక్కువగా వాడింది షార్ప్స్ లాంటి భారీ ఒంటి తూటా రైఫిళ్ళు. నన్నడిగితే పశ్చిమాన్ని గెలిచింది 1869లో మా ఉటాలోనే ప్రొమాంటరీ సమిట్ దగ్గర తూర్పు నుంచీ పడమటి నుంచీ వచ్చి కలిసిన రైలు పట్టాలు. తోళ్ళు తూర్పుకి మోసిందీ, సైన్యాన్ని పడమటికి దించిందీ రైలే.

మరి 1873 ఎవరిది? మామూలు మనిషిది. అదే దాని గొప్ప. మొదట 50 డాలర్లున్న ధర 1882 నాటికి 25కి దిగింది, ఆ ఒక్క ఏడే 25,000కి పైగా తయారయ్యాయి. 1878 నుంచి కోల్ట్ రివాల్వర్ కూడా అదే తూటాతో వచ్చింది. నడుముకి ఒక బెల్టు, అందులో ఒకే రకం తూటాలు, రెండు తుపాకులకీ సరిపోతాయి. ఊరికి ఎక్కడో దూరంగా మంద కాసుకునేవాడికి ఇంతకన్నా ఏం కావాలి?

నమ్మకం లేకపోతే నెవాడాలో గ్రేట్ బేసిన్ నేషనల్ పార్కుకి వెళ్ళండి. 2014 నవంబరులో అక్కడి పురావస్తు ఉద్యోగులకి ఒక జూనిపర్ చెట్టుకి ఆనించి ఉన్న 1873 కనపడింది. మడమ మట్టిలో కూరుకుపోయి, చెక్క నెరిసి బీటలు వారి, ఎన్నో దశాబ్దాలుగా అక్కడే ఉంది. సీరియల్ నంబరు చూస్తే 1882లో తయారైంది. తర్వాత ఎక్స్‌రే తీస్తే మడమ లోపలి గూట్లో ఒక తూటా బయటపడింది. ఎవరిదో, ఎందుకు వదిలేశాడో ఫ్యాక్టరీ పుస్తకాల్లో లేదు. యుద్ధాలు గెలిచే ఆయుధమైతే అలా చెట్టుకి ఆనించి వదిలేస్తారా? పనిముట్టు గనకే వదిలేశాడని నా నిశ్చయం. దాన్ని మెరుగు పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టుగా కాపాడారు, వాళ్ళకి దండం పెట్టాలి. వేలంపాటల్లో అమ్మేవాళ్ళు మాత్రం పాత రైఫిళ్ళని రుద్ది రుద్ది కొత్త పెళ్ళికూతుళ్ళని చేస్తున్నారు. గీతలూ మరకలూ పోతే ఆ తుపాకీ గడిపిన బతుకంతా పోయినట్టే. కొనేవాళ్ళన్నా అలాంటివాటికి డబ్బు పెట్టకండి.

ఇంకో మాట. మనవాళ్ళు యెల్లోస్టోన్‌కి కార్ల నిండా వెళ్తారు, తూర్పు గేటు నుంచి 50 మైళ్ళ చిల్లర దూరంలో ఉన్న కోడీ ఊళ్ళో ఆగరు. చెట్టు దగ్గర దొరికిన రైఫిల్‌ని కాపాడే పని జరిగింది అక్కడి తుపాకీల మ్యూజియంలోనే. పాత వించెస్టర్ ఫ్యాక్టరీ రికార్డులూ అక్కడే ఉన్నాయి. ఈసారి వెళ్తే ఒక పూట దానికి కేటాయించండి. వించెస్టర్ల వరస చూశాక స్ప్రింగ్‌ఫీల్డ్‌ల దగ్గరా ఆగండి, సైన్యం మోసినవి అవే.