పీక్యాట్ కోచింగ్‌కి 529 డబ్బు తీయాలా?

ప్రశ్న: మేం అమెరికాలో ఉంటున్నాం, అందరికీ గ్రీన్‌కార్డులు ఉన్నాయి. మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది, తర్వాత ఫార్మ్‌డీ (ఫార్మసిస్టు అయ్యేందుకు చదివే డాక్టరేట్ కోర్సు) చేస్తానంటోంది. ఫార్మసీ కాలేజీల ప్రవేశ పరీక్ష పీక్యాట్ కోచింగ్‌కి 3,000 డాలర్లు అడుగుతున్నారు. చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే 529 ఖాతాలోంచి తీయమంటారా, క్రెడిట్ కార్డు మీద పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దు. అసలు ఆ పరీక్షే ఇప్పుడు లేదు. చివరిసారిగా 2024 జనవరిలో పెట్టి ఎత్తేశారు. కోర్సు అమ్ముతున్నవాళ్లని ‘మా అమ్మాయి పరీక్ష ఏ తేదీన?’ అని అడిగి చూడండి, ఏం చెబుతారో! అడ్వాన్సు కట్టేసి ఉంటే వెంటనే వెనక్కి అడగండి.

పరీక్ష పోయినా ప్రిపరేషన్ తప్పదు. ఇప్పుడు కాలేజీలు ముఖ్యంగా చూసేది జీపీఏ (గ్రేడ్ల సగటు), అందులోనూ కెమిస్ట్రీ, బయాలజీ గ్రేడ్లు. తర్వాత సిఫారసు లేఖలు, ఇంటర్వ్యూ. దరఖాస్తులు ఎక్కువగా ఫార్మ్‌క్యాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సర్వీసు ద్వారానే వెళ్తాయి, అక్కడే ఒక మెలిక ఉంది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో ‘సి’ వచ్చిందని మళ్లీ చదివి ‘ఎ’ తెచ్చుకున్నారనుకోండి. చదివే కాలేజీ పాత గ్రేడును పక్కన పెట్టినా, ఫార్మ్‌క్యాస్ రెండింటినీ కలిపే జీపీఏ లెక్కేస్తుంది. రెండోసారి ఫీజు కట్టినా పాత గ్రేడు వదలదన్నమాట. కాబట్టి ఖర్చేదో మొదటి మిడ్‌టర్మ్‌కి ముందే ట్యూటర్ మీద పెట్టండి. చాలా కాలేజీల్లో ఉచిత ట్యూటరింగ్ ఉంటుంది, ముందు అది కనుక్కోమనండి.

ఇక 529. కాలేజీ విద్యార్థికి పెట్టే ప్రైవేటు ట్యూటర్ ఫీజు అర్హమైన ఖర్చుల్లోకి రాదు. ఖాతాలో 40 శాతం లాభమే అనుకుంటే, 3,000 తీసినప్పుడు అందులో 1,200 మీద ఆదాయపన్ను, పైన 10 శాతం పెనాల్టీ, అంటే ఇంకో 120 డాలర్లు. అదే డబ్బు ఫార్మ్‌డీ ట్యూషన్‌కి వాడితే ఫెడరల్ పన్నే ఉండదు.

ఆ డబ్బు అవసరం కూడా అప్పుడే. కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకి 2026 జులై 1 నుంచి గ్రాడ్ ప్లస్ లోన్లు (డిగ్రీ తర్వాతి చదువులకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే అప్పులు) ఉండవు. ఫార్మ్‌డీకి ఫెడరల్ లోను ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 డాలర్లకి మించదు. ప్రైవేటు కాలేజీలో ఫీజు, అద్దె, తిండి కలిస్తే 50,000 దాటడం మామూలే. మూడేళ్లలో ముగించే కోర్సయితే ఇంకా ఇరుకు: నాలుగేళ్ల ఫీజు మూడేళ్లలో కట్టాలి, లోను పరిమితి మాత్రం ఏడాది లెక్కనే. మిగిలింది ప్రైవేటు లోను, దానికి సాధారణంగా మీరే హామీగా కో-సైన్ చేయాలి. నా మటుకు నేను 529ని ఈ లోటు కోసమే దాచమంటాను.

ఇంకో మాట. పదేళ్ల కిందటితో పోలిస్తే ఫార్మసీ కాలేజీలకి దరఖాస్తులు బాగా తగ్గాయి, కాబట్టి స్కాలర్‌షిప్ అడగడానికి మొహమాటపడొద్దు. అయితే భారీ రాయితీ ఇస్తామన్న కాలేజీ వాళ్ల నాప్లెక్స్ (ఫార్మసిస్టు లైసెన్సు పరీక్ష) ఫలితాలు ముందు చూడండి. లైసెన్సుకి ఆ పరీక్ష పాసవ్వాల్సిందే. మొదటి ప్రయత్నంలో ఏ కాలేజీ నుంచి ఎంత శాతం పాసయ్యారో ఆ పరీక్ష పెట్టే ఎన్ఏబీపీ సంస్థ బయటపెడుతుంది.

క్రెడిట్ కార్డు అవసరం రాకూడదు. ట్యూటర్‌కి గంటల లెక్కన, ఏ నెలది ఆ నెల జీతంలోంచే కట్టేయండి. ప్యాకేజీ అంటే ఒప్పుకోవద్దు.