సిగరెట్టు ముందు, పొట్ట తర్వాత

చిరంజీవి మేనల్లుడికి,

అత్తమ్మ దీవెనలు. సిగరెట్టు మానాలని ఉందనీ, మానితే లావైపోతానేమోనని జంకుతున్నాననీ రాశావు. మీ ఆఫీసులో ఒకాయన మానేసిన ఏడాదికే ప్యాంట్లన్నీ కొత్తవి కుట్టించుకున్నాడని సాక్ష్యం కూడా చూపించావు. నీ భయం ఉత్తదని నేను అనను. ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లో గడిపినదాన్ని, మీ మామ చేత బీడీ మాన్పించినదాన్ని. అబద్ధం చెప్పి ఒప్పించే అవసరం నాకు లేదు.

మానినవాళ్లలో ఎక్కువమంది కొంత పెరుగుతారు. సగటున మొదటి ఏడాదిలో 4 నుంచి 5 కిలోలు. అందులో సగానికి పైగా మొదటి 3 నెలల్లోనే వస్తుంది. అయితే ఇది సగటు మాత్రమే. ప్రతి ఆరుగురిలో ఒకరు పెరగకపోగా తగ్గుతారు. 10 కిలోలు దాటేవాళ్లు దాదాపు ఎనిమిది మందిలో ఒకరు. మీ ఆఫీసాయన ఆ ఒక్కరిలో పడ్డట్టున్నాడు. ఆయన్నే చూస్తూ కూర్చుంటే నువ్వు ఎప్పటికీ మానవు.

ఇంకో మాట. సిగరెట్టు మనిషిని సన్నగా ఉంచుతుందనేది సగం నిజమే. తాగేవాళ్లకు మొత్తం బరువు కాస్త తక్కువ ఉన్నా, కొవ్వు పొట్ట చుట్టూ చేరే గుణం ఎక్కువ. ఈసారి అద్దం ముందు చొక్కా విప్పి పక్కకు తిరిగి చూసుకో. నువ్వు కాపాడుకుంటున్నాననుకునే నడుము ఎంతవరకు మిగిలిందో తెలుస్తుంది. మానిన ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడిపోతుంది. బరువు పెరిగినవాళ్లకు కూడా మానడం వల్ల ఆయుష్షు లాభమే తప్ప నష్టం లేదు. కాబట్టి రెండు మూడు కిలోలు వచ్చినా ఈ బేరం నీకే లాభం.

ఇక బరువు ఎందుకు వస్తుందో విను. నికోటిన్ ఆకలిని అణచి ఉంచుతుంది, ఒంటి చేత కాస్త ఎక్కువ ఖర్చు చేయిస్తుంది. అది ఆగగానే ఒళ్లు రోజుకు 100 నుంచి 200 కేలరీల దాకా తక్కువ ఖర్చు చేస్తుంది. ఆకలి పెరుగుతుంది, చేతికీ నోటికీ పని తగ్గుతుంది. దానికి తోడు కొన్ని రోజుల్లోనే ముక్కూ నాలుకా మళ్లీ మేలుకుంటాయి. ఏళ్ల తరబడి మొక్కుబడిగా తిన్న పప్పుచారు ఉన్నట్టుండి అమృతంలా అనిపిస్తుంది. మీ మామ ఆ రోజుల్లో పచ్చిపులుసు గిన్నెను వంచుకుని తాగేవాడు. పచ్చిపులుసుతో నష్టం లేదు, దానితో పాటు వెళ్లే అన్నంతోనే.

అలాగని మానిన రోజే కడుపు కట్టుకోవద్దు. నేను గట్టిగా చెప్పేది ఇదే. మొదటి నెల ఉపవాసాలు, రాత్రి భోజనం ఎగ్గొట్టడాలు, ఫోనులో చూసిన పథకాలు ఏవీ వద్దు. ఖాళీ కడుపు లక్షణాలూ సిగరెట్టు కోరిక లక్షణాలూ ఒకేలా ఉంటాయి. చిరాకు, తలనొప్పి, ఏ పని మీదా మనసు నిలవకపోవడం. ఏది ఏదో తెలియక మనిషి నేరుగా పాన్ డబ్బా దగ్గరికి నడుస్తాడు. మూడు పూటలా వేళకు తిను. తినే దానిలో మార్పు చెయ్యి, పూట మాత్రం తప్పించకు.

మార్పు ఎక్కడ మొదలు పెట్టాలంటే, చాయ్ దగ్గర. నీ సిగరెట్లలో సగం చాయ్‌తోనే కాలుతాయని నాకు తెలుసు. పొగలోని పదార్థాలు కాలేయాన్ని తొందరపెట్టి కెఫీన్‌ను త్వరత్వరగా ఖర్చు చేయిస్తాయి. పొగ ఆగిన వారంలోపే ఆ తొందర తగ్గుతుంది. నువ్వు తాగే చాయ్ మారదు, గ్లాసూ మారదు, కెఫీన్ మాత్రం ఒంట్లో దాదాపు రెట్టింపు సేపు ఉంటుంది. గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఇదంతా సిగరెట్టు మానడం వల్లనే అనుకుని చాలామంది మళ్లీ మొదలుపెడతారు. నిద్ర చాలకపోతే మర్నాడు ఆకలీ ఎక్కువవుతుంది. అందుకని మానిన రోజు నుంచే చాయ్ సగం చెయ్యి. రోజుకు ఆరు తాగేవాడివి మూడుకు దిగితే, ఒక్కోదానికి రెండు చెంచాల చొప్పున ఆరు చెంచాల చక్కెర, దానితో పాటు చిక్కటి పాలు మిగులుతాయి. ఒళ్లు ఖర్చు చేయడం మానేసిన కేలరీలు చాలావరకు అక్కడే సర్దుకుంటాయి. మిగిలిన మూడింటినీ హనుమకొండ చౌరస్తాలో నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని తాగు. తాగే చోటు మారితే చెయ్యి జేబులోకి వెళ్లదు.

తర్వాతి గండం సాయంత్రం. ఆఫీసు వదిలి బండి తీసే వేళకు మిర్చీల బండి దగ్గర నూనె సలసల కాగుతుంటుంది. పిండి పూసుకున్న మిరపకాయలు ఎర్రబడి తేలుతుంటాయి, పక్కనే తరిగిన ఉల్లిపాయ, నిమ్మబద్ద. సిగరెట్టు ఉన్నన్నాళ్లూ ఆ వాసన నీకు సగమే అందేది. ఇప్పుడు వీధి మలుపు నుంచే లాగుతుంది. అక్కడికి ఆకలితో వెళ్లకపోవడమే దారి. నాలుగున్నరకే ఏదో ఒకటి తిని ఉండు. నా ఓటు ఉడకబెట్టిన పల్లికాయలకు. పొట్టు వలవాలి, గింజ తీయాలి, రెండు చేతులకూ పని. గుప్పెడు తినేసరికి పావుగంట గడిచిపోతుంది. అవి దొరకని రోజుల్లో జామకాయ, కీర ముక్కలు, వానాకాలంలో కాల్చిన మక్క కంకి. పుట్నాలు మంచివే, కానీ డబ్బా పక్కన పెట్టుకోకు, కాగితంలో కొలిచి కట్టుకుని వెళ్లు. కోడలు చేసే సర్వపిండి నాకూ ప్రాణమే. గిన్నెకు అద్దిన పిండిలో వేలితో పొడిచిన ప్రతి చిల్లులోనూ చెంచాతో నూనె పోస్తుంది మరి. దాన్ని ఆదివారానికి ఉంచుకో.

బిస్కెట్లూ చాక్లెట్లూ పక్కన పెట్టు. సోంపు, లవంగం, చక్కెర లేని చూయింగ్ గమ్ చాలు. వక్కపొడి, జర్దా, గుట్కా వైపు మాత్రం చూడకు. నోరు తెరవలేని స్థితికి తెచ్చుకున్న కుర్రాళ్లను నేను వార్డులో చూశాను. బీడీ తేలికని ఎవరైనా అంటే నమ్మకు, అందులో తారు, నికోటిన్ సిగరెట్టుకు తక్కువేమీ ఉండవు. ఈ-సిగరెట్లను మన దేశంలో 2019లోనే నిషేధించారు కాబట్టి ఆ సలహా ఇచ్చే స్నేహితుడితో వాదన కూడా వద్దు.

మానిన తొలి రోజుల్లో మలబద్ధకం వస్తుంది, ఎవరూ ముందుగా చెప్పరు. పేగులను కదిలించే నికోటిన్ ఆగిపోతుంది కదా. పొట్ట ఉబ్బరంగా ఉంటే అదే లావు అనుకుని కంగారు పడతారు. రాత్రికి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర తిని, నీళ్లు బాగా తాగితే సర్దుకుంటుంది.

నడక గురించి పెద్ద ఉపన్యాసం ఇవ్వను. కోరిక అలలా వచ్చి కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది, పది నిమిషాల చురుకైన నడక దాన్ని దాటిస్తుంది. పొద్దున భద్రకాళి చెరువు కట్టకో, వడ్డేపల్లి కట్టకో వెళ్లు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆఫీసు చుట్టూ రెండు చుట్లు వెయ్యి, సిగరెట్టు కోసం బయటికి వెళ్లే సమయం అదే కదా.

నువ్వు లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్టు వెలిగిస్తావని కోడలు చెప్పింది. అది గట్టి అలవాటుకు గుర్తు, కేవలం పట్టుదలతో నెట్టుకురావడం కష్టం. సిగరెట్టు బదులు కాస్త కాస్తగా నికోటిన్ అందించి కోరికను అణచే నికోటిన్ గమ్ ఉంది, 2 మిల్లీగ్రాములవీ, 4 మిల్లీగ్రాములవీ దొరుకుతాయి. నీలాంటివాళ్లకు పెద్దదే సరిపోతుంది, డాక్టరును అడిగి తీసుకో. దాన్ని పిల్లల బబుల్ గమ్‌లా ఆపకుండా నమలకూడదు. మెల్లగా నాలుగు సార్లు నమిలి, నోట్లో చురుకు మొదలవగానే బుగ్గకూ చిగురుకూ మధ్య ఆపు. చురుకు తగ్గాక మళ్లీ నమలు. అలా అరగంట. అదేపనిగా నమిలితే రసం కడుపులోకి పోయి ఎక్కిళ్లు, మంట. వేసుకునే ముందు పావుగంట చాయ్, నిమ్మరసం తాగకు, నికోటిన్ ఒంటికి పట్టదు. ఈ గమ్ వాడినన్నాళ్లూ బరువు పెరగడం కూడా నెమ్మదిస్తుంది. సిగరెట్టు మానడానికి ఇచ్చే బ్యూప్రోపియాన్ అనే మాత్రకూ ఆ గుణం ఉంది, కానీ ఫిట్స్ వచ్చినవాళ్లకు పనికిరాదు కాబట్టి సొంతంగా కొనవద్దు. సిగరెట్టు పెట్టె మీద 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది, ఫోను చేస్తే మానడానికి సలహా ఇస్తారు, ఉచితం. పెట్టె పారేసే ముందు దాన్ని ఫోనులో రాసుకో.

ముహూర్తం కోసం ఆగవద్దు గానీ, సంక్రాంతి వారం మాత్రం వదిలెయ్యి. ఇంట్లో సకినాల డబ్బా నిండుగా ఉండగా కొత్తగా సిగరెట్టు మానినవాడిని నేనైతే ఒంటరిగా వదలను. దావత్‌లకు ఒక నెల దూరంగా ఉండు. గ్లాసు చేతికొస్తే సిగరెట్టూ వస్తుంది, పక్కన వేయించిన ముక్కలూ వస్తాయి. మొదటి వారం నీ నోరు దురుసుగా ఉంటుందని కోడలికి ముందే చెప్పి పెట్టుకో. జాలిపడి మిఠాయి చేతిలో పెట్టవద్దని నేనూ చెబుతాను.

బరువు వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున పరగడుపున చూసుకో. రోజూ ఎక్కితే నీళ్ల హెచ్చుతగ్గులకే బెంబేలెత్తుతావు. 3 నెలలు సిగరెట్టు లేకుండా గడిచాక, అప్పటికి ఎంత పెరిగావో చూసి, రాత్రి అన్నం తగ్గించడం, కసరత్తు పెంచడం గురించి మాట్లాడుకుందాం. మీ నాన్నకు షుగరు ఉంది కనుక, ఇప్పుడొకసారి, 3 నెలలయ్యాక ఇంకోసారి రక్తపరీక్ష చేయించు. రెండు కాగితాలూ పారేయకుండా ఇంటికి తీసుకురా.

మీ అత్తమ్మ